మూడో పిలుపుకు పలికిన మామ

దీపావళి వెకేషన్‌కు మగ్గాలు ఆగిన వారంలోనే మామ పోయాడు. కార్ఖానాల షట్టర్లు దిగిపోయి, పనివాళ్లంతా రైళ్లెక్కి ఊళ్లకు వెళ్లిపోయి, సూరత్‌లో మా ఉధ్నా సగం ఖాళీగా ఉన్న రోజులు. ఒక పొద్దున, పాలవాడు వచ్చి వెళ్లిన కాసేపటికి అత్తమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ పలుకుతలేడు" అంది. పోయాడు అనలేదు. ఆయన్ను పిలిస్తే జవాబు రాకపోవడం వాళ్ల కాపురం మొత్తంలో అదే మొదటిసారి కాబట్టి, ఆ ఒక్క మాటతో నాకు సంగతి తెలిసిపోయింది. ఇలాంటప్పుడు అందరికీ ఏడుపు వస్తుంది. నాకు కోపం వచ్చింది. ఊరంతా సద్దుమణిగిన ఈ రోజులే దొరికాయా పోవడానికి అని ఆయన మీద, ఒక్కసారిగా అన్ని మగ్గాలూ ఆపేసిన సేఠ్‌ల మీద కోపం. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో జత చెప్పు వేసుకుని ఆటో ఎక్కాను. ఆ సంగతి శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగొచ్చాక గానీ చూసుకోలేదు.

ఆయన మా అమ్మకు అన్న. సిరిసిల్ల దిక్కు నుంచి పొట్ట చేతపట్టుకుని సూరత్ వచ్చిన మా తాత ఉధ్నాలో మగ్గాలు నడిపాడు. ఆ మగ్గాల మోతలోనే చదువుకుని మామ ఫౌజులో ఆఫీసరయ్యాడు. మా వాడకట్టులో అంతకుముందు అట్లాంటిది జరగలేదు, తర్వాతా జరగలేదు. రిటైరయ్యాక కూడా కూరగాయల బండివాడి నుంచి కార్ఖానా సేఠ్ దాకా అందరికీ ఆయన కల్నల్ సాబే. నేను సలాబత్‌పురాలో చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీసే పని చేస్తాను. రాతపని నాకు కొత్త. అయినా మామ గురించి ఇంకెవరైనా రాస్తే పతకాలూ సరిహద్దులూ రాస్తారు. నాకు తెలిసిన మామ కథ ఒక టోపీది, ఒక పిలుపుది. అందుకే నేనే రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఇంకో పేరు కూడా రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను పుట్టకముందు మామను కొంతకాలం ఒక మిత్రదేశపు సైన్యంలోకి పంపారు. మన ఆఫీసరు ఒకాయన అక్కడ, వాళ్ల ఆఫీసరు ఒకాయన ఇక్కడ. ఒకరి పద్ధతులు ఒకరు నేర్చుకోవాలి. ఈ ఏర్పాటు గురించి చెబితే మా అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "అంటే కుండమార్పిడి పెండ్లి లెక్కన్నట్టు" అందట. మామ ఈ మాట చెప్పుకుని ఎన్నేళ్లు నవ్వాడో. నిజంగానే కొత్త కోడలి బతుకే అది అనేవాడు. ఎప్పుడు లేవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరి ముందు నవ్వొచ్చు, ఏ చెమ్చా ముందు పట్టుకోవాలి అన్నీ చూసి నేర్చుకోవాలి. అడిగితే చిన్నతనం, అడక్కపోతే తప్పు. అది ఏ దేశమో ఆయన ఎప్పుడూ పేరుపెట్టి చెప్పలేదు. "వాళ్ల దగ్గర" అనేవాడు. మాకూ అదే అలవాటైంది. చిన్నప్పుడు నేను "వాళ్ల దగ్గర" అనేదే ఒక దేశం పేరు అనుకున్నాను.

వాళ్ల దగ్గర చలి. మన యూనిఫాం ఆ చలికి ఆగదు, వాళ్ల అడవిలో ఆ రంగు కలవదు. కాబట్టి వాళ్ల మచ్చల బట్టలే తొడుక్కోవాలి. భుజాల మీద మాత్రం మన నక్షత్రాలు, వాటి కింద ఇండియా అని అక్షరాలు, తల మీద మన బెరే టోపీ. మీసాల దగ్గర పెద్ద చర్చ జరిగిందట. వాళ్ల కాయిదా ప్రకారం మీసం పెదవి చివర దాటకూడదు. మామ మీసం పెదవి దాటి, చెంప దాటి చెవులను పలకరించబోయే మీసం. చివరికి వాళ్ల పెద్ద ఆఫీసరు తీర్పిచ్చాడు, బట్టలు మావి, మొహం మీది అని. ఈ మాట మా ఇంట్లో ఊతపదమైపోయింది. నేను పెళ్లయి అత్తారింటికి వెళ్లేటప్పుడు కూడా మామ అదే చెప్పాడు. నేను మొహం మాత్రం నాదే ఉంచుకున్నాను. నా కాపురం ఎందుకు నిలవలేదని అడిగినవాళ్లకు ఆయనే జవాబు చెప్పి పంపేవాడు.

సెల్యూట్ సంగతి చెప్పినప్పుడల్లా లేచి నిలబడి చేసి చూపించేవాడు. మన ఫౌజులో తలమీద టోపీ లేనప్పుడు సెల్యూట్ చేయరు, బిగుసుకుని నిలబడతారు. వాళ్ల దగ్గర గదిలోకి వెళ్లి పెద్దాయనకు హాజరు చెప్పేటప్పుడు టోపీ లేకపోయినా సెల్యూట్ చేయాలి. మొదటిరోజు మామ టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లి స్తంభంలా నిలబడ్డాడు. పెద్దాయన సెల్యూట్ కోసం ఎదురుచూస్తున్నాడు. మామ కూర్చోమనడం కోసం ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరూ నోరు విప్పరు. తలుపు దగ్గర నిలబడ్డ సార్జెంట్ దగ్గాడు. మామ తిరిగి చూస్తే, అతను చేయి నుదుటి దాకా ఎత్తి ఈగను తోలినట్టు నటించాడు. అట్లా మొదలైంది వాళ్ల స్నేహం.

ఆ సార్జెంట్‌ను మామకు పద్ధతులు నేర్పడానికే పెట్టారు. ఈడూ జోడూ ఒకటే. మెస్‌లో ఎప్పుడు లేవాలో, బూట్ల తాళ్లు ఎటు దోపాలో, ఎవరి జోకుకు నవ్వకూడదో అన్నీ అతనే చెప్పేవాడు. మామ జేబు మీద పేరు పట్టీ కుట్టించింది కూడా అతనే. వాళ్ల లెక్కలో ఇంటిపేరు కుట్టాలి, ఇంటిపేరుతోనే పిలవాలి. ఇది విన్న అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇంటిపేరు పెట్టి పిలిస్తే ఇంట్లో ఉన్నవాళ్లందరం పలకాలి కదా, ఒక్కణ్ణి పిలిచినట్టెట్లా అవుతుంది అని ఆమె అనుమానం.

అక్కడ మామ పాత బెరే పోయింది. ఇండియా నుంచి కొత్తది తెప్పించుకున్నాడు. కొత్త బెరే అప్పడంలా బిరుసుగా ఉంటుంది. దాన్ని వేణ్నీళ్లలో ముంచి, పిండి, తల మీద పెట్టుకుని ఆరేదాకా తిరగాలి. ఎవరి తల మీద ఆరితే ఆ తల ఆకారం వస్తుంది దానికి. అప్పుడు మామకు ఒళ్లు కాలిపోయే జ్వరం. తడి టోపీ పెట్టుకునే పరిస్థితి లేదు, రెండు రోజుల్లో కవాతు ఉంది. సార్జెంట్ ఆ బెరేను నీళ్లలో ముంచి తన తల మీద పెట్టుకున్నాడు. పరాయి దేశపు టోపీ పెట్టుకుని ఒక పూటంతా ఆ సైనిక ఛావనీలో తిరిగాడు. చూసినవాళ్లు నవ్వారు, అతను నవ్వలేదు. జ్వరం తగ్గి మామ పెట్టుకునేసరికి అది కుడి చెవి పైన వేరేగా వంగి ఉంది. మామ తలకు అది ఎన్నడూ సరిగ్గా కూర్చోలేదు. మళ్లీ నీళ్లలో ముంచితే సరిపోయేది, ముంచలేదు. ఆ బెరే ఉధ్నా ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. నేను చిన్నప్పుడు దాన్ని పెట్టుకుని ఆడబోతే మామ తిట్టలేదు. నెమ్మదిగా నా చేతిలోంచి తీసుకుని, దులిపి, మళ్లీ మేకుకు తగిలించాడు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని.

ఇవన్నీ నవ్వే కథలు. మామ ఇక్కడితో ఆపేవాడు. తర్వాత ఏమైంది, ఆ సార్జెంట్ ఇప్పుడెక్కడున్నాడు అని అడిగితే, లేచి నీళ్లు తాగడానికి వెళ్లేవాడు.

రిటైరయ్యాక ఆయన ఎక్కడైనా హాయిగా ఉండొచ్చు. చుట్టూ చెట్లున్న కాలనీల్లో మంచి ఇళ్లు చూపించారు మావాళ్లు. ఆయన మాత్రం వెతికి వెతికి ఉధ్నాలో మగ్గాల కార్ఖానా పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. కింద రాత్రింబవళ్లు దడదడ. గిన్నెలు అటక మీద వాటంతటవే జరుగుతాయి. వచ్చిన చుట్టాలు తలనొప్పితో వెళ్లిపోయేవాళ్లు. కల్నల్ సాబ్‌కు పుట్టిన వాడకట్టు మీద మమకారం అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఆయన మొహం చూడాలి. మాట్లాడుతున్నవాడు ఆగిపోయి, తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. దీపావళి వెకేషన్ వస్తే ఇంట్లో ఉండేవాడు కాదు. రైల్వే స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాడు. రైలు కోసం కాదు, చప్పుడు కోసం.

ఇంకో అలవాటు ఉండేది. నడిచేటప్పుడు ఎడమ పక్కన ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. ఉధ్నా సందులు ఎంత ఇరుకంటే, ఒక మనిషీ ఒక బండీ పట్టవు. అందులోనూ ఆయన ఎడమ వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచేవాడు. నేను అటు పోతే నా భుజం పట్టుకుని కుడివైపుకు తెచ్చేవాడు. ఫౌజులో పెద్ద ఆఫీసరుతో నడిచేటప్పుడు హోదాలో చిన్నవాళ్లు ఎడమ పక్కన నడుస్తారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఇంట్లో ఏ పిలుపూ జవాబు లేకుండా పోకూడదు. ఇది మామ పెట్టిన కాయిదా. సెలవుల్లో పిల్లలం అందరం చేరితే పేరుపేరునా పిలిచేవాడు. ఎవరైనా లేకపోతే పక్కనున్నవాళ్లు చెప్పాలి, స్నానానికి పోయిందనో, కింద ఆడుకుంటున్నాడనో. ఊరికే ఊరుకుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. ఫోన్ రెండుసార్లు మోగి ఎవరూ ఎత్తకపోతే వంటింట్లోంచి అత్తమ్మ పరుగెత్తుకొచ్చేది. మాకు అదొక ఆటలా ఉండేది. పెద్దయ్యాక అది మా నాలుక మీద ఉండిపోయింది. ఇప్పటికీ బస్సులో ఎవరైనా ఎవరినో పిలుస్తుంటే, పలకనివాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

కిందటేడు ఆయనకు ఆయాసం ఎక్కువైతే దవాఖానాకు తీసుకెళ్లాను. బయట బెంచీల నిండా జనం. కాంపౌండర్ వచ్చి "రమేశ్‌భాయ్" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. మామ చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. మూడోసారి పిలిచేసరికి "హాజర్" అంటూ లేచి లోపలికి నడిచాడు. నేను రశీదు తెచ్చుకుని వచ్చేలోపు డాక్టరు ఆయన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. ఆ రమేశ్‌భాయ్ మూలశంక రోగి. అసలు రమేశ్‌భాయ్ చాయ్ తాగి తీరిగ్గా వచ్చి గొడవకు దిగాడు. నేను ఇద్దరికీ క్షమాపణ చెప్పి మామను బయటికి లాక్కొచ్చాను. నవ్వాలో తిట్టాలో తెలియక తిట్టాను. ఆటోలో కూర్చున్నాక కూడా తిడుతూనే ఉన్నాను. నీ పేరు కాదు, నీ పని కాదు, ఎందుకు లేస్తావు అని.

ఉధ్నా బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. చుట్టూ హారన్లు. ఆ మోతలో మామ నాకు మిగతా కథ చెప్పాడు. మోత లేకపోతే చెప్పేవాడు కాదేమో.

శిక్షణలో ఒక బండి బోల్తా పడి ఆ సార్జెంట్ చనిపోయాడు. మామ ఆ రోజు వేరే చోట ఉన్నాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. నాలుగు రోజులకు సభ పెట్టారు. వాళ్ల దగ్గర చనిపోయిన సిపాయికి ఆఖరి హాజరు పిలిచే ఆచారం ఉంది. ముందు బతికున్నవాళ్లను కొందరిని పిలుస్తారు, వాళ్లు పలుకుతారు. తర్వాత పోయినవాడిని పిలుస్తారు. ఒకసారి ఇంటిపేరుతో. ఇంకోసారి పేరూ ఇంటిపేరుతో. మూడోసారి పూర్తి పేరుతో. ఎవరూ పలకరు. ఆ పలకకపోవడమే అతనికి దండం. దాని తర్వాత బ్యూగిల్ ఊదుతారు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు, ఒక్క మామకు తప్ప. వాళ్ల ఆచారాలన్నీ మామకు ముందుగా చెప్పాల్సినవాడు ఆ సార్జెంటే. అన్నీ చెప్పాడు, ఇది చెప్పే అవసరం వస్తుందనుకోలేదు.

మామకేమో అమ్మమ్మ నేర్పింది వేరు. చీకటి పడ్డాక బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒకటో పిలుపుకు పలకొద్దు, రెండో పిలుపుకు పలకొద్దు. దయ్యమైతే మూడోసారి పిలవలేదు. మూడోసారి పిలిస్తే మనిషే, అప్పుడు పలకకపోతే పాపం. ఆ హాలులో మొదటి పిలుపు వచ్చింది. ఇంటిపేరు కదా, అతని వాళ్లెవరైనా పలుకుతారేమోనని చూశాడు. రెండో పిలుపు వచ్చింది. అంతమంది దోస్తులున్నారు, ఒక్కరికీ నోరు రావడం లేదేమిటి అనుకున్నాడు. మూడోసారి పూర్తి పేరు పిలిచారు. చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మామ గొంతు "హాజర్, సాబ్" అంది. మన ఫౌజు భాషలో.

ఎవరూ తల తిప్పలేదట. వాళ్ల క్రమశిక్షణ అట్లాంటిది. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె మాత్రం తిరిగింది. అతని తల్లి.

"ఆమె నా దిక్కు చూడలే బిడ్డా" అన్నాడు మామ. "కొడుకు దిక్కు చూసింది. ఒక్క నిమిషం వాడు బతికిండు ఆమెకు. మల్ల నా మొహం కనపడ్డది. మల్ల సచ్చిపోయిండు."

ఆ తర్వాత ఒక్కరు కూడా ఆయన్ను ఏమీ అనలేదు. పెద్దాయన వచ్చి చేయి కలిపి వెళ్లాడు. మెస్‌లో అందరూ మామూలుగానే పలకరించారు. తిట్టి ఉంటే బాగుండేది అన్నాడు. ఆ తల్లిని కలవబోతే ఆమె అప్పటికే ఊరెళ్లిపోయింది. గడువు ముగిసి మామ తిరిగొచ్చాడు. ఒంటరిగా రాలేదని ఆయన నమ్మకం.

నేను ఆయన్ను బాగా దులిపాను. ఫౌజీవయ్యుండి దయ్యాలేంది మామా అన్నాను.

"దయ్యం కాదు బిడ్డా, దోస్తు" అన్నాడు. "వాడు పోవాల్నంటే ఎవ్వరు పలుకొద్దుండె. నేను పలికి ఆపిన. ఏడికి పోతడు? నా పక్కకే ఉన్నడు. ఇంట్ల చప్పుడు ఆగితే, మల్ల పిలుస్తరేమో అని చూస్తుంటడు."

ఆటో కదిలింది, మళ్లీ ఆగింది. అప్పుడు అడిగాడు. తను పోయాక, కర్మ అయిపోయాక, ఆ పేరు మూడుసార్లు పిలవాలట. పక్కనున్నవాళ్లెవరూ పలకకూడదట. నువ్వే పిలుచుకోరాదా అంటే, తానున్నంతకాలం ఆ పేరు వినిపిస్తే తన నోరు ఆగదన్నాడు. "నీకు గొంతున్నది. నీకు కోపం ముందొస్తది, ఏడుపు ఎనుక వస్తది. గా నడుమ పిలిచెయ్" అన్నాడు. పేరు నా చెవిలో చెప్పాడు. ఆటోవాడికి కూడా వినపడకుండా. ఆ పేరు నేను ఇక్కడ రాయకపోవడానికి కారణం ఇదే. రాస్తే మీరు చదువుతారు. చదివితే మనసులోనైనా పలికినట్టే. ఇంతకాలం ఆగిన మనిషిని మళ్లీ ఎవరో ఒకరు ఆపడం నాకిష్టం లేదు. మామ పేరు రాయకపోవడమూ అందుకే.

నేను సరేనన్నాను. నమ్మి అనలేదు, ఆయన ఊపిరి తీస్తున్న తీరు చూసి అన్నాను. కానీ ఆ రోజు ఆటో దిగాక, అడగకుండానే ఆయన కుడిపక్కకు వెళ్లి నడిచాను.

మామకు పిల్లలు లేరు కాబట్టి కర్మ అంతా మా తమ్ముడు చేశాడు. తాపీ నది ఒడ్డున పదోరోజు కూడా అయింది. భోజనాలయ్యి చుట్టాలు వెళ్లిపోయారు. వెకేషన్ ఇంకా నడుస్తోంది. మిట్టమధ్యాహ్నం ఉధ్నాలో అంత నిశ్శబ్దం ఎన్నడూ వినలేదు నేను. మామ ఉంటే స్టేషన్‌కు పారిపోయేవాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, దాని ఎడమ పక్కన ఎప్పుడూ ఖాళీగా ఉండే చోటూ ఖాళీగానే ఉంది. నాకు అటు చూడ బుద్ధి కాలేదు. చదువుకున్నదాన్ని, ఊరిని ఏలే నోరున్నదాన్ని, నిలువెల్లా భయపడ్డాను. పిలిస్తే ఏమీ కాదనే భయం ఒకటి. ఏదైనా అవుతుందేమోననే భయం ఇంకొకటి. అన్నింటికన్నా పెద్ద భయం, మాలో ఎవరో ఒకరం పలుకుతామని. ఆ ఇంట్లో పెరిగిన నాలుకలు మావి. పలక్కుండా ఉండడం ఆయన మాకు నేర్పలేదు.

అత్తమ్మకు చెప్పకుండా చేద్దామనుకున్నాను. వీలు కాలేదు, నా మొహం చూసి అడిగేసింది. మామ అడిగింది చెప్పాను. పేరు చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది.

"గా పేరు నీకన్న ముందే ఎరుక నాకు" అంది. "రాత్రి మగ్గాలు ఆగినప్పుడల్లా నిద్రల హాజర్ అంటుండె. ముందు మీ మామ గదే పేరు తల్సుకుంటుండె, తర్వాత ఆయననే హాజర్ అంటుండె. పక్కల పండుకున్నదాన్ని, నాకెర్క లేదా?"

ఇన్నేళ్లూ ఆమె ఒక్కమాట అడగలేదు. నాకైతే ఒక్కరోజు కూడా ఆగేది కాదు. డాబా మీదికి పోదాం పా అని ఆమే ముందు నడిచింది. మెట్ల మీద గోడకు ఆనుకుని, ఎడమ పక్కన చోటు వదిలి ఎక్కింది. ఆ అలవాటు ఆమెకూ ఉందని నేను అప్పటిదాకా గమనించలేదు.

డాబా మీద ఎండ. చుట్టూ షట్టర్లు దించిన కార్ఖానాల రేకుల కప్పులు. నేను ఇంటిపేరుతో పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క రేకుల మీద పావురాలు లేచి మళ్లీ వాలాయి. ఎవరూ పలకలేదు. పేరూ ఇంటిపేరూ కలిపి పిలిచాను. కింద సందులో ఎవరో సైకిల్ ఆపి పైకి చూశారు. మనసులో ఆ సైకిలతనికి దండం పెట్టాను, పలకొద్దు నాయనా అని. అతను తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

మూడోసారి పూర్తి పేరు పిలిచాను.

ఆ నిశ్శబ్దాన్ని మామ ఎట్లా భరించలేకపోయాడో అప్పుడు నాకు తెలిసింది. అది ఖాళీగా లేదు. ఎవరో తల తిప్పబోతున్నట్టుంది. ఆ ముసలామె ఎక్కడుందో, ఉందో లేదో, ఆమె నా వెనకే కూర్చుని వింటున్నట్టు అనిపించింది. నా నాలుక కదిలింది. నిజంగా కదిలింది. పళ్లు బిగించాను. పైటకొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. అయిపోయింది, ఇక దిగుదాం అనుకుంటుండగా అత్తమ్మ నోరు విప్పింది.

"లేడు" అంది.

నేను గబుక్కున తిరిగాను. ఆమె నా వైపు చూడలేదు. పిలిచినవాళ్లెవరో ఎదురుగా గుమ్మంలో నిలబడినట్టు, ఇన్నేళ్లు ఆ ఇంటి గుమ్మంలో అందరికీ చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పింది.

"లేడు. ఇద్దరు కలిసే పోయిండ్రు. ఇంట్ల ఎవ్వరు లేరిప్పుడు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మామ చెప్పినట్టు కోపం వెనకాలే వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని పెద్దగా ఏడ్చాను. మామ అడిగింది మేం చెడగొట్టామో, సరిచేశామో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరూ పలకొద్దన్నాడు. అత్తమ్మ పలికింది. కానీ ఉన్నాడని పలకలేదు.

నేను ఏడుస్తుండగానే ఆమె కిందికి దిగింది. వచ్చేటప్పుడు ఒక చేతిలో వేణ్నీళ్ల బకెట్, ఇంకో చేతిలో బెరే. చిన్నప్పటి నా ఆట తప్పితే, మేకు మీద నుంచి దాన్ని మామ కాక ఇంకెవరైనా తీయడం నేను చూడడం అదే మొదటిసారి. కాసేపు దాన్ని తిప్పి చూసింది. కుడి చెవి పైన వంగిన చోట వేలుతో తడిమింది. తర్వాత బకెట్‌లో ముంచింది. అది నీళ్లలో మెత్తబడి, విచ్చుకుని, పెద్దదై, చివరికి ఏ తలదీ కాకుండా పోయింది. గట్టిగా పిండింది. దండెం మీద ఆరేస్తుందేమోనని నేను లేచి క్లిప్పులు అందివ్వబోయాను.

ఆమె దాన్ని తన తల మీద పెట్టుకుంది.

బొట్టు లేని నుదురు, తెల్లజుట్టు, తెల్లచీర, దాని మీద ఫౌజీ టోపీ. నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి. డాబా పిట్టగోడ పక్కన తూర్పు ముఖంగా కూర్చుంది. "మంచిగున్నదా?" అని అడిగింది. నేను దగ్గరికి వెళ్లి కుడివైపుకు కొంచెం లాగాను. దూరంగా, వెకేషన్ ముగియకముందే తెరిచిన ఏదో కార్ఖానాలో ఒక మగ్గం మొదలైంది. ఒక్కటే. అత్తమ్మ అటు వింటూ, తల కదపకుండా, టోపీ ఆరేదాకా అట్లాగే కూర్చుంది.